నిప్పుకూ ఇనుముకూ నడుమ: నికొలస్ ఒట్టో

1995 జనవరి 8వ తేదీన, అప్పటి తూర్పు గోదావరి జిల్లాకు చెందిన పాశర్లపూడిలో తవ్వుతున్న ఒక గ్యాసు బావి అదుపు తప్పింది. పైకెగసిన మంట కొబ్బరి తోటల మీదుగా ఆకాశాన్ని అందుకొని 65 రోజులు మండింది. రాత్రి వేళ కోనసీమలో ఎన్నో ఊళ్ళ వారికి ఆ ఎర్రని వెలుగు కనిపించేది. పగ్గం లేని వాయువు ఎంతటి భయంకర రూపం ధరించగలదో గోదావరి డెల్టా ప్రజలు ఆనాడు కన్నులారా చూశారు. అదే వాయువును చిటికెడంత తీసుకొని, గాలితో కలిపి, ఇనుప సిలిండరులో బంధించి నిమిషానికి కొన్ని వందల మార్లు వెలిగిస్తే అది బుద్ధిగా చక్రం తిప్పుతుంది. ఈ విద్యను లోకానికి అలవరచినవాడు శాస్త్రవేత్త కాడు, ఇంజనీరు కాడు. ఊరూరా తిరిగి తేయాకు, చక్కెర అమ్ముకొన్న ఒక చిరు వర్తకుడు.

నికొలస్ ఆగస్ట్ ఒట్టో 1832 జూన్ నెలలో జర్మనీలోని నసావు సంస్థానంలో హోల్జ్‌హౌజెన్ అనే పల్లెలో జన్మించాడు. అతని పసితనంలోనే తండ్రి మరణించగా తల్లి కష్టపడి పెంచింది. బడిలో చురుకైన విద్యార్థి అని పేరు తెచ్చుకొన్నప్పటికీ ఉన్నత విద్యకు నోచుకోలేదు. పదహారవ యేట బడి మాని, దుకాణంలో పని నేర్చుకొన్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గుమాస్తాగా కొంతకాలం గడిపి, తరువాత కొలోన్ నగరం కేంద్రంగా సరకుల బేరగాడుగా తిరగసాగాడు. 1858లో కొలోన్ ఉత్సవాలలో అన్నా గోసి అనే యువతితో పరిచయమైంది. పెళ్ళాడాలని ఇద్దరూ నిశ్చయించుకొన్నారు. కాని ఆ పెళ్ళి పదేళ్ళకు గాని జరుగలేదు. కారణం ఒక యంత్రం.

1860లో బెల్జియం దేశీయుడైన లెన్వార్ పారిస్‌లో ఒక కొత్త ఇంజను నిర్మించాడు. దానికి ఆవిరి అక్కరలేదు, బాయిలరు అక్కరలేదు. వీధి దీపాల కోసం బొగ్గు నుండి తీసే గ్యాసే దానికి ఆహారం. పత్రికలు దానిని ఆకాశానికెత్తాయి. కొన్నవారు మాత్రం తల పట్టుకొన్నారు. అది గ్యాసును విపరీతంగా మింగేది. కందెన నూనెను అంతకంటె విపరీతంగా తాగేది.

ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూసిన అనుభవం మన పెద్దలందరికీ ఉన్నది. కందెన వేయని బండి ఊరంతటినీ నిద్ర లేపుతుంది. రెండు గట్టి వస్తువులు ఒరుసుకొనేటప్పుడు వాటి నడుమ సన్నని నూనె పొర నిలిస్తే ఘర్షణ తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది. బండి ఇరుసు వద్ద నిప్పు లేదు గనుక ఆముదానికి అక్కడ పెద్ద పరీక్ష లేదు. ఇంజను సిలిండరులో అలా కాదు. పిస్టను ఏ గోడను రాసుకొంటూ నడుస్తుందో ఆ గోడ పక్కనే మంట లేస్తుంది. లెన్వార్ యంత్రంలో పిస్టనుకు రెండు వైపులా మార్చి మార్చి గ్యాసు మండేది. అటు పోయినా నిప్పే, ఇటు వచ్చినా నిప్పే. లోహం చల్లబడే వ్యవధి లేదు. గోడ మీద నూనె నిలువక మాడిపోయేది. నూనె ఆరితే పిస్టను సిలిండరును పట్టివేసేది. అందువలన పోస్తూనే ఉండవలసి వచ్చేది. బాయిలరు ఖర్చు తప్పిందని సంతోషించిన యజమాని నూనె ఖర్చు చూసి నిట్టూర్చేవాడు.

ఒట్టో వర్తకుడు గనుక ఈ లెక్క అతనికి వెంటనే అర్థమయిందని నాకు తోస్తుంది. చిన్న కర్మాగారాల వారికి చవకగా నడిచే యంత్రం కావాలి. 1861లో మైఖేల్ జోన్స్ అనే పనివానిచేత ఒక చిన్న నమూనా చేయించి, ప్రయోగాలకు దిగాడు. గ్యాసునూ గాలినీ లోనికి పీల్చిన తరువాత పిస్టనుతో అదిమి, అప్పుడు వెలిగిస్తే చక్రం ఎన్నో చుట్లు బలంగా తిరుగుతున్నదని అతడు గమనించాడు. 1862లో ఆ సూత్రంతో కట్టిన ఇంజను పేలుళ్ళ తాకిడికి తట్టుకోలేక కొద్ది నిమిషాలలో విరిగిపోయింది. చేతిలోని డబ్బు దానితోపాటే కరిగిపోయింది. పగలు ఊళ్ళు తిరిగి సరకులు అమ్మడం, మిగిలిన వేళ యంత్రంతో కుస్తీ పట్టడం. అన్నాకు తన కష్టసుఖాలన్నీ ఉత్తరాలలో రాసేవాడు. ఇక్కడ ఆమె ఓర్పును కూడ తలచుకోక తప్పదు.

1864లో యూజెన్ లాంగెన్ అనే చక్కెర మిల్లు యజమాని ఒట్టో యంత్రాన్ని చూసి, పెట్టుబడి పెట్టి భాగస్వామి అయ్యాడు. ఇద్దరూ కలిసి మరొక మార్గంలో ఇంజను నిర్మించారు. అందులో పేలుడు బలానికి పిస్టను స్వేచ్ఛగా పైకి ఎగిరేది. కిందికి దిగేటప్పుడు బయటి వాతావరణ పీడనమే దానిని నెట్టి చక్రం తిప్పేది. పెద్ద రొద చేసే ఎత్తైన యంత్రమది. 1867 పారిస్ ప్రదర్శనలో మొదట దానిని ఎవరూ లెక్కచేయలేదు. న్యాయనిర్ణేతలలో ఒకడైన రూలో అనే ఆచార్యుడు ఒక్కొక్క ఇంజను తినే గ్యాసును కొలిచి చూడాలని పట్టుబట్టాడు. కొలిచిచూడగా ఒట్టో యంత్రం ఇతర యంత్రాలు తినే గ్యాసులో సగం కూడ తినడం లేదని తేలింది. బంగారు పతకం దానికే దక్కింది. మరుసటి సంవత్సరం ఒట్టో అన్నాను పెళ్ళాడాడు.

1872లో వారి సంస్థ డాయిట్జ్ గ్యాసు ఇంజన్ల కర్మాగారంగా పెరిగింది. సాంకేతిక బాధ్యతలు చూడడానికి డైమ్లర్, మైబాక్ వచ్చి చేరారు. అయితే పాత యంత్రానికి సుమారు మూడు అశ్వశక్తులకు మించిన సత్తువ లేదు. ఒట్టో మరల తన పాత స్వప్నం వద్దకే వెళ్ళాడు. 1876లో నాలుగు ఘాతాల ఇంజను పూర్తి అయింది. పీల్చుట, అదుముట, మండి నెట్టుట, పొగ విడుచుట: పిస్టను నాలుగు మార్లు కదిలితే ఒక్కమారే నిప్పు. నేడు మన పొలాలలో నీరు తోడే ఆయిల్ ఇంజను కూడ సాధారణంగా ఈ నాలుగు అడుగుల నడకే నడుస్తుంది.

ఈ నడక కందెనకు చేసిన మేలు గురించి పుస్తకాలు అంతగా చెప్పవు. నిప్పు పిస్టనుకు ఒక వైపుననే మండుతుంది. రెండవ వైపు గాలికి తెరచి ఉంటుంది. మిగిలిన మూడు ఘాతాలలో గోడ కొంత చల్లబడుతుంది, చెదరిన నూనె పొర మరల పరచుకొంటుంది. లెన్వార్ యంత్రంలో దొరకని ఆ క్షణకాలపు విరామం ఇక్కడ దొరికింది. అయినా నూనె చిక్కులు పూర్తిగా తీరలేదు. గ్యాసును వెలిగించడానికి ఒట్టో వాడినది ముందుకూ వెనుకకూ జారే ఒక పలక. చిన్న మంటను లోనికి మోసుకొనిపోయే ఆ పలకకు నూనె తగ్గితే పలక గీచుకుపోయేది. కొవ్వులు, గింజల నూనెలు వేడికి జిగురుగా మారితే అతుక్కుపోయేది. 1859లో అమెరికాలో డ్రేక్ తవ్విన బావి తరువాత విస్తరించిన భూగర్భ తైల పరిశ్రమ నుండి వేడికి తట్టుకొనే నూనెలు రాసాగాయి. గ్యాసు ఇంజనుకు అవి సరియైన సమయంలో అందివచ్చాయి.

ఇప్పటికీ వాయు ఇంజను నూనె కారు నూనె వంటిది కాదు. గ్యాసు బావుల వద్ద వాయువును గొట్టాలలోనికి నెట్టే కంప్రెసర్లను చాలా చోట్ల ఆ వాయువుతోనే నడిచే ఇంజన్లు తిప్పుతాయి. అవి ఉన్నచోటనే ఉండి రాత్రింబవళ్ళు నడుస్తాయి. గ్యాసు పొడి ఇంధనం. కవాటాల పీటలను అది తడుపదు. నూనెలో కలిపిన మందులు కాలగా మిగిలే కొద్దిపాటి బూడిదయే ఆ పీటలకు మెత్తగా పనిచేస్తుంది. ఆ బూడిద ఎక్కువైతే పిస్టను తల మీద గట్టి పొరగా పేరుకొని, నిప్పుకణికలా ఎర్రబడి, గ్యాసును వేళకు ముందే అంటిస్తుంది. అంతేకాక మంట వేడికి గాలిలోని నత్రజని ఆక్సిజనుతో కలిసి ఏర్పడే వాయువులు నూనెలో చేరి దానిని చిక్కబరుస్తాయి. అందుచేత ఇంజను కాపరులు మనుషుల రక్తం తీసినట్లు ఎప్పటికప్పుడు నూనె నమూనా తీసి పరీక్షకు పంపుతారు.

ఒట్టో ఇంజను ఐరోపా అంతటా వేల సంఖ్యలో అమ్ముడయింది. 1882లో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఈ బడి మానిన వర్తకునికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ సంవత్సరమే డైమ్లర్ విభేదించి వెళ్ళిపోయాడు. ఇంతలో పోటీదారులు ఒక పాత కరపత్రాన్ని వెలికితీశారు. బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు 1862లోనే నాలుగు ఘాతాల పద్ధతిని కాగితం మీద వివరించాడు. అతడు ఇంజను కట్టలేదు, ఒట్టో ఆ కరపత్రాన్ని చూసినట్లు ఆధారం లేదు. అయినా 1886లో జర్మనీ న్యాయస్థానం ఒట్టో పేటెంటును రద్దుచేసింది. చట్టం దృష్టిలో అది న్యాయమే కావచ్చు. కాగితం మీద గీచినవాడూ, విరిగిన ఇనుమును ఏరుకొని పద్నాలుగేళ్ళు పోరాడినవాడూ ఒకటేనా అన్న ప్రశ్న మాత్రం చదువరిని వెంటాడుతుంది. డబ్బు నష్టం కంటె, ఈ ఊహ నీది కాదు అన్న తీర్పే అతనిని ఎక్కువగా కుంగదీసింది. 1891 జనవరి 26న కొలోన్‌లో ఒట్టో కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు 58 సంవత్సరాలు.

కొడుకు గుస్తావ్‌కు అప్పుడు ఎనిమిదేళ్ళు. పెద్దవాడై అతడు విమానాల నిర్మాణంలో ప్రవేశించాడు, నేటి బి.ఎం.డబ్ల్యు. సంస్థ మూలాలలో అతని కర్మాగారం ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గిరగిర తిరిగే సిలిండర్లు గల విమాన ఇంజన్లు కొన్ని వచ్చాయి. పెట్రోలులో సులభంగా కరిగిపోని కందెన వాటికి అవసరమైంది. వెదకి వెదకి ఇంజనీర్లు చివరకు ఎంచుకొన్నది, మన ఎడ్లబండ్ల ఇరుసులకు పూసిన ఆముదాన్నే.