ఈస్టరు వెలుగులో ఉరికంబము : డీట్రిక్ బాన్‌హోఫర్ గారి జీవితము

ఈస్టరు నాడు మనము కొనియాడు ప్రభువు రోగముతో మరణించినవాడు కాడు. అధిపతి యెదుట విచారింపబడి, తీర్పు పొంది, మరణశిక్ష అనుభవించినవాడు. ఈ సంగతిని మనము తరచుగా మరచిపోవుచున్నాము. దీనిని మనకు జ్ఞాపకము చేయు దైవజనులలో జర్మనీ దేశపు పాస్టరు డీట్రిక్ బాన్‌హోఫర్ గారు ఒకరు.

ఆయన 1906 ఫిబ్రవరి 4న బ్రెస్లావు పట్టణములో జన్మించిరి. ఆ పట్టణము నేడు పోలండులో నున్నది. తండ్రి పేరుపొందిన మానసిక వైద్యుడు. ఎనిమిది మంది సంతానములో ఈయన ఆరవవారు. 21 ఏండ్ల ప్రాయముననే వేదాంతశాస్త్రములో డాక్టరు పట్టమునకు అర్హులైరి. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిదప, యూదు వంశమునుండి వచ్చిన పాస్టర్లను సంఘ పరిచర్యనుండి తొలగింపజూడగా ఆయన ఎదిరించిరి. 1935 నుండి ఫింకెన్‌వాల్డె అనుచోట యౌవన బోధకులకు తర్ఫీదునిచ్చిరి. 1937లో రహస్య పోలీసులు ఆ పాఠశాలను మూసివేసిరి. 1939లో అమెరికా చేరి అక్కడ క్షేమముగా నుండగలిగియు, శ్రమపడుచున్న స్వజనుల యొద్దకు కొద్ది వారములలోనే తిరిగి వచ్చిరి.

తరువాత హిట్లరును కూలద్రోయ పూనుకొన్నవారితో చేరిరి. వారి యత్నములో హిట్లరును చంపుటయు ఇమిడియుండెను. అందులో దోషము లేదని ఆయన తన్ను తాను సమర్థించుకొనలేదు. ఆ భారమును దేవుని కనికరమునకే అప్పగించుకొనిరి. 1943 ఏప్రిల్ 5న బంధింపబడి, రెండేండ్లు చెరలో గడిపిరి.

1945లో ఈస్టరు ఏప్రిల్ 1న వచ్చెను. తరువాతి ఆదివారమున, షోన్‌బెర్గ్ గ్రామపు బడిలో బంధింపబడియున్న తోటి ఖైదీలు ఆరాధన జరుపుమని ఆయనను కోరిరి. వారిలో రోమను కతోలికులును, దేవుని నమ్మని సోవియట్ ఖైదీయు నుండిరి. ఆయన యెషయా 53వ అధ్యాయము, మొదటి పేతురు 1వ అధ్యాయము తీసికొని, క్రీస్తు పొందిన గాయములను గూర్చియు, పునరుత్థానము వలన కలుగు నిరీక్షణను గూర్చియు బోధించిరి. ప్రార్థన ముగిసిన కొద్దిసేపటికే అధికారులు వచ్చి ఆయనను తీసికొనిపోయిరి. ఆ రాత్రి ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరములో, తన పక్షమున వాదించు న్యాయవాది లేకుండగనే విచారణ జరిగెను. ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఉరితీసిరి. అప్పటికి ఆయన వయస్సు 39. మూడు వారములకు హిట్లరు ఆత్మహత్య చేసికొనెను. ఆ ఒక్క నెలలో బాన్‌హోఫర్ గారి తల్లిదండ్రులు ఇద్దరు కుమారులను, ఇద్దరు అల్లుళ్లను నాజీ ప్రభుత్వపు చేతిలో పోగొట్టుకొనిరి.

1949లో పశ్చిమ జర్మనీ తన రాజ్యాంగములోనే మరణశిక్షను రద్దుచేసెను. నాజీ న్యాయస్థానముల అన్యాయపు తీర్పులు 1998లో చట్టముద్వారా కొట్టివేయబడెను. తీర్పు పోయెను గాని ప్రాణము తిరిగి రాలేదు.

బాన్‌హోఫర్ గారు మరణశిక్షకు విరోధముగా ఉద్యమము నడిపినవారు కారు. అయినను ఆయన మరణము మనలను ఆలోచింపజేయుచున్నది. నిర్దోషి సంగతి సరే, నిజముగా హత్య చేసినవాని మాట యేమని మనలో కొందరు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కన్నీటిని తేలికగా ఎంచువాడు క్రీస్తు మనస్సు గలవాడు కాడు. కాని ప్రభువు ప్రక్కన సిలువపై నున్న దొంగ తన శిక్ష తనకు తగినదేనని ఒప్పుకొన్నవాడు; పరదైసు వాగ్దానము అతనికే దొరికెను. మారుమనస్సు కొరకు దేవుడు కడవరి గడియ వరకు గడువిచ్చుచుండగా, ఆ గడువును మనము ఉరిత్రాటితో తెంచవచ్చునా?

మన దేశ చట్టములో ఉరిశిక్ష నేటికిని ఉన్నది. ఘోరమైన నేరము జరిగినప్పుడెల్ల ఉరితీయుడను కేక వీధులలో లేచుచునే యున్నది. ఆ కేకలో గొంతు కలుపక మునుపు, యెరూషలేము వీధులలో లేచిన కేకను తలంచుకొందము. ఆ కేకకు తలయొగ్గి ఇచ్చిన తీర్పును దేవుడు మూడవ దినమున త్రోసివేసెను. పోయిన ప్రాణమును లేపగలవాడు ఆయన ఒక్కడే. లేపజాలని మనము తీయుటకు తొందరపడకుందుము గాక.