పొలం పాటను ఆరాధనకు తెచ్చిన వాన్ విలియమ్స్

మన కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చయి ఉంటాయి. వాటిని చూసేవారు మన సంఘాల్లో ఎందరు? రాల్ఫ్ వాన్ విలియమ్స్ జీవితం తెలుసుకున్నాక ఆ చిన్న అక్షరాల మీద మాకు గౌరవం పెరిగింది.

ఆయన 1872లో ఇంగ్లండులోని డౌన్ ఆంప్నీ గ్రామంలో, పాదిరిగారి ఇంట పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. యౌవనంలో నాస్తికుడిగా ఉన్నారు, తరువాత కూడా సందేహం వీడలేదు. అలాంటి మనిషినే 1904లో పెర్సీ డియర్మర్ అనే పాదిరిగారు వెదుక్కుంటూ వచ్చి, కొత్త కీర్తనల పుస్తకానికి బాణీలు చూసిపెట్టమని అడిగారు. రెండు నెలల పని అనుకున్నారు. రెండేళ్లు పట్టింది. 1906లో వెలువడిన ఆ 'ఇంగ్లీష్ హిమ్నల్'ను ఇప్పటికీ వాడే సంఘాలున్నాయి. విశ్వాసులమైన మనలో ఎంతమందిమి ప్రభువు పనికి అంత ఓపిక పెడుతున్నామో!

అప్పటికే ఆయన పల్లెలు తిరుగుతూ కూలీలూ ముసలివాళ్లూ పాడే పాటలు రాసుకుంటున్నారు. అలా సేకరించినవి 800 పైమాటే. ఫారెస్ట్ గ్రీన్ అనే ఊళ్లో విన్న బాణీని బేత్లెహేము గురించిన క్రిస్మస్ పాటకు అమర్చి, ఆ ఊరి పేరే పెట్టారు. తాను కట్టిన ఒక బాణీకి పుట్టిన ఊరి పేరు పెట్టారు. పరిశుద్ధులను స్మరించే పాటకు కట్టినదానికి లాటిన్‌లో 'పేరులేనిది' అనే పేరు! సంఘమంతా గొంతు చించుకోకుండా పాడాలని శ్రుతి కూడా తగ్గించారు. ఎత్తు శ్రుతిలో ఎత్తుకుని సంఘాన్ని నోరు మూయించే మన గాయక బృందాలు ఈ మాట గమనించాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 42 ఏళ్ల వయసులో, సైనిక వైద్య దళంలో మామూలు సిపాయిగా చేరి గాయపడినవారిని మోశారు. ముసలితనంలో సినిమాలకూ సంగీతం రాశారు. దక్షిణ ధ్రువానికి వెళ్లి తిరిగిరాని కెప్టెన్ స్కాట్ కథతో 1948లో వచ్చిన చిత్రానికి మాటల్లేని స్త్రీల కంఠాలతో మంచు గాలిని వినిపించారు. దాన్నే సింఫనీగా పెంచినప్పుడు ఒక భాగానికి ముందు 104వ కీర్తనలో ఓడలూ మకరములూ కనిపించే వచనం ఉంచారు.

1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి ఆయన పాత నూరవ కీర్తన బాణీని వాద్యబృందానికీ, కూడివచ్చిన జనులందరికీ కలిపి కూర్చారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో గాయకులతోపాటు సభంతా పాడింది. ఐదేళ్లకు, 1958 ఆగస్టు 26న ఆయన కన్నుమూశారు. చితాభస్మాన్ని ఆ అబ్బేలోనే ఉంచారు.