కళ్ళము నుండి బలిపీఠమునకు : బిషప్పు అజరయ్య జీవితము

తెలుగు క్రైస్తవ సంఘముల ఆరాధనలో కోతకాలపు పండుగకు ప్రత్యేక స్థానము కలదు. పంట ఇల్లు చేరిన పిమ్మట సంఘస్థులు ధాన్యమును, కూరగాయలను, కోళ్ళను, గ్రుడ్లను, శక్తి కలవారు మేకపిల్లలను దేవాలయమునకు తెచ్చి బలిపీఠము ఎదుట ఉంచుదురు. కీర్తనలు, ప్రార్థనలు ముగిసిన తరువాత ఆ వస్తువులను వేలము వేసి, వచ్చిన పైకమును సంఘ నిర్వహణమునకు వినియోగింతురు. ఈ పండుగ తెలుగునాట పుట్టినది కాదు. 1843లో ఇంగ్లండునందు కార్న్‌వాల్ సీమలో హాకర్ అను గురువు తన గ్రామ దేవాలయమున జరిపిన కృతజ్ఞతారాధనతో దీని ఆధునిక రూపము ఆరంభమైనది. అచ్చట భూమి కలిగిన రైతులు తమ పంటను తెచ్చిరి. తెలుగు పల్లెలలో తెచ్చినవారికి చాలవరకు భూమి లేదు. ఈ భేదమును గుర్తించి, సృష్టికర్తకు కృతజ్ఞత తెలుపు ఆరాధనను నిరుపేదల ఆత్మగౌరవమునకు ఆలంబనముగా మలచినవారిలో అగ్రగణ్యుడు డోర్నకల్లు బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున తమిళ నాడారు కుటుంబమునందు జన్మించెను. తండ్రి థామస్ వేదనాయగం హైందవమును వీడి క్రైస్తవము స్వీకరించి గ్రామ గురువైనవాడు. తల్లి పేరు ఎల్లెన్. తాటిచెట్లపై ఆధారపడి బ్రదికిన నాడారులు ఆనాటి సమాజమున పెక్కు అవమానములకు గురియైనవారు. ఈ కుటుంబ నేపథ్యము మరువరానిది. తరువాతి కాలమున మాల మాదిగ పల్లెలలో ఆయన మాటకు కలిగిన విలువకు ఇదియొక కారణము. 1889లో తండ్రి మరణించెను. మెజ్ఞానపురమునందలి పాఠశాలలోను, పిమ్మట తిరునెల్వేలి, మద్రాసు క్రైస్తవ కళాశాలలలోను చదివెను. గణితము ఆయన అభిమాన విషయము. తుది పరీక్షకు ముందు జబ్బుపడుటచే పట్టము లభింపలేదు.

1895లో క్రైస్తవ యువజన సంఘమున కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతయు పర్యటించెను. అమెరికా దేశీయుడైన షెర్వుడ్ ఎడ్డీతో ఆయనకు గాఢమైన స్నేహము ఏర్పడినది ఈ కాలముననే. 1898లో మరియమ్మాళ్‌ను వివాహమాడెను. దక్షిణ భారతమున కళాశాల విద్య నభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకతె.

1902లో చేసిన యాళ్పాణ యాత్ర ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో అన్య ప్రాంతములకు బోధకులను పంపుచుండిరి. తిరునెల్వేలి క్రైస్తవులు సంఖ్యలోను స్థితిలోను వారికి తీసిపోరు. అయినను పాశ్చాత్య సంఘముల నుండి పుచ్చుకొనుటయే తప్ప ఇచ్చుట వారికి అలవడలేదు. ఈ విషయము అజరయ్యకు సిగ్గు కలిగించెను. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము వెలసినది. మనుష్యులు భారతీయులు, ధనము భారతీయము, నిర్వహణము భారతీయము అనునది దాని నియమము. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరున స్థాపితమైన జాతీయ మిషనరీ సంఘమునకును ఆయన మూలపురుషులలో ఒకడు. తిరునెల్వేలి సంఘము తన సేవకై ఎన్నుకొన్నది నైజాము రాజ్యములోని తెలుగు సీమ.

తాను ఇతరులను ప్రోత్సహించి పంపుచు తాను మాత్రము మద్రాసున నుండుట అజరయ్యకు రుచింపలేదు. 1909లో గురుపట్టము పొంది, కుటుంబముతో డోర్నకల్లు చేరెను. నేడు మహబూబాబాదు జిల్లాలోనున్న ఈ ఊరు అప్పటికి బెజవాడ మార్గమున సింగరేణి బొగ్గుగనుల శాఖ విడివడు రైలు కూడలి. అంతకు మించి చెప్పదగిన విశేషము లేదు. ముప్పదియైదేండ్ల వయస్సున ఆయన తెలుగు నేర్చెను. భాషాశాస్త్రజ్ఞుల దృష్టిలో తమిళుడు తెలుగు నేర్చుట గొప్ప సంగతి కాకపోవచ్చును. కాని గ్రంథభాష నేర్చి అక్కడ ఆగక, అక్షరము రాని కూలివానికి అర్థమగునట్లు ప్రసంగించుట వేరు. ఆయన సాధించినది రెండవది.

మరుసటి సంవత్సరము, అనగా 1910లో, ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము క్రైస్తవ చరిత్రలో ప్రసిద్ధమైనది. పాశ్చాత్య మిషనరీల త్యాగములను ఆయన తక్కువ చేయలేదు. వారు భారతీయ సహోదరులకు ఎన్నియో ఇచ్చిరి, కాని తమతో సమముగా కూర్చుండనిచ్చు స్నేహమును ఇయ్యలేదని సభాముఖమున నిర్మొగమాటముగా చెప్పెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. స్నేహము లేని దానము పుచ్చుకొనువానిని చిన్నబుచ్చునను ఈ అభిప్రాయము ఆయనకు సభావేదికపై తోచిన అలంకారము కాదు. దాని పర్యవసానము డోర్నకల్లు పల్లెల ఆరాధనలో కనబడును.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ చొరవతో, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథీడ్రలునందు అజరయ్య డోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సమాజమున బిషప్పు పదవి నందిన ప్రథమ భారతీయు డాయనయే. ఆ పదవి నొక నల్లవానికిచ్చుట తగదని తలచిన తెల్లవారును, తమలో ఒకడు తమపై అధికారియగుటకు ఇష్టపడని భారతీయులును లేకపోలేదు. మొదట చిన్నదిగా నున్న అధ్యక్ష ఖండము 1920లో కృష్ణా మండలము, నంద్యాల ప్రాంతముల చేరికతో బహుళముగా విస్తరించినది. ఆయన జీవితాంతమునకు అందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారిలో అధిక సంఖ్యాకులు మాలలు, మాదిగలు.

ఈ జనుల ఆర్థిక స్థితిని గూర్చి కొంత వివరింపవలసియున్నది. మాలలు పాలేరులుగను, కూలివారుగను పొలములలో శ్రమించిరి. మాదిగలు రైతులకు తోలు మోటలు, చెప్పులు, పగ్గములు సమకూర్చిరి. ప్రతిఫలము ఎక్కువగా నాణెముల రూపమున గాక కళ్ళములో ధాన్యపు కొలత రూపమున లభించెడిది. దానికే మేర యని పేరు. హక్కుగా రావలసిన మేరను సైతము దూరముగా నిలిచి, వంగి, దయగా పెట్టినదానివలె స్వీకరింపవలసిన దుఃస్థితి యుండెను. నైజాము పల్లెలలో వెట్టిచాకిరి దీనికి తోడు. ఏడాది పొడవునను చేయి చాచుటయే తెలిసిన వారియొద్దకు పోయి, మీరును దేవునికి ఇయ్యవలెనని చెప్పిన బిషప్పును చూచి సానుభూతిపరులే కొందరు విస్తుపోయి యుందురు.

అజరయ్య ఆలోచన వేరు. ఇయ్యలేనివాడుగా ఎవనినైనను పరిగణించుట వాని మనుష్యత్వమును తగ్గించుటయే యని ఆయన నమ్మెను. అన్నము వండునపుడెల్ల గృహిణి ఒక పిడికెడు బియ్యమును వేరుగా కుండలో వేసి, దానిని ఆరాధనకు తెచ్చు పద్ధతి ఆయన సంఘములలో పాదుకొన్నది. కోతకాలమున మేరగా వచ్చిన ధాన్యమునుండి మానెడో కుంచెడో బలిపీఠము చేరెడిది. కళ్ళములో దూరముగా నిలిచిన మనుష్యుడు ఇచ్చట దేవాలయ గర్భమువరకు నడచిపోయి తన చేతితో తాను సమర్పించును. ఈ విషయమున ఆయన ఆంగ్లమున రచించిన క్రైస్తవ దానమును గూర్చిన గ్రంథము ఆయన మరణానంతరము కూడ పునర్ముద్రణ పొంది పలు దేశములలో చదువబడినది. అందు ఆయన దానమును సంఘ ఆదాయ సాధనముగా గాక ఆరాధనాంగముగా నిరూపింప యత్నించెను. పల్లె గురువులకు జీతము లీయవలసిన అవసరమును ఆయన ఎరుగక పోలేదు, లెక్కలలో నేర్పరి. అయినను లెక్కలు వెనుకకును, కృతజ్ఞత ముందునకును వచ్చునట్లు ఏర్పరచుట ఆయన బోధలోని విశేషము.

ఇచ్చుటయనగా ధాన్య మొక్కటియే కాదు. బాప్తిస్మము పొందిన ప్రతివానిని తన తలపై తాను చేయి యుంచుకొని, సువార్తను ప్రకటింపకున్న తనకు శ్రమ యను అర్థముగల పౌలు వాక్యమును పలుకుమనెడివాడు. నిన్నటివరకు ఊరిలో మాటాడుటకు అర్హత లేనివాడు నేడు చెప్పవలసిన సంగతి గలవాడయ్యెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు భూతములను వెడలగొట్టుడని ఆయన పల్లెపల్లెకు బోధించెను. డోర్నకల్లు శిక్షణాలయమున ఉపదేశకులతోపాటు వారి భార్యలకును చదువు చెప్పించుట మరియమ్మాళ్ వంటి వారు చేసిన సేవ.

ఆరాధనలో సహజీవనమునకు అసలైన పరీక్ష ప్రభురాత్రి భోజన సంస్కారమునందు ఎదురైనది. మాలలకును మాదిగలకును పరస్పరము పొత్తు లేదు. ఒకరి యింట నొకరు నీరు త్రాగరు. సంస్కారమునందు రొట్టె ఒక్కటి, పాత్ర ఒక్కటి. ఒకే పాత్రను పెదవుల కానించుటకు సిద్ధపడనివానికి ఆ బల్లయొద్ద చోటు లేదనుట అజరయ్య నిశ్చయము. ఈ నిశ్చయము సర్వత్ర ఫలించినదని చెప్పుట సత్యదూరము. దేవాలయములో ఒక్క పాత్ర నుండి త్రాగినవారు ఇంటికి పోయి వివాహ సంబంధములలో కులమును పాటించుచునే యుండిరి. కొన్ని చోట్ల ఈ ఇరువర్గముల వైరము సంఘ పరిపాలనలోనికిని ప్రాకినది.

ఆరాధనా భాష విషయమున ఆయన వైఖరిలో కొంత ద్వైధము కనిపించును. ఆంగ్లికను ప్రార్థనా గ్రంథపు తెలుగు అనువాదమును ఆయన విడువలేదు. ఆ క్రమము నిరక్షరాస్యులకు కంఠస్థమై సంఘమున కొక ఐక్యమును కూర్చినమాట నిజమే. కాని దాని వాక్యరచన ఇంగ్లీషు వాక్యమునకు నీడ. జనుల హృదయములను కదలించినవి కీర్తనలు. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు కవులు కర్ణాటక రాగతాళములలో రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటముద్వారా పల్లెలకు చేరి, చదువు రానివారి వేదాంత గ్రంథములైనవి. పాటకును, కథాగానమునకును, నాటకమునకును బిషప్పు ప్రోత్సాహము లభించెను. ఒక్క విషయమున మాత్రము విమర్శకు తావున్నది. మాదిగల వాద్యమైన డప్పు గ్రామదేవతల కొలువులకును, వెట్టికిని గుర్తుగా నుండుటచే క్రొత్త క్రైస్తవులలో పెక్కురు దానిని వదలివేసిరి. వదలినవారి అభిమానమును అర్థము చేసికొనవచ్చును. ఆరాధన పోగొట్టుకొన్న లయ సామాన్యమైనది కాదు.

దేశీయతయందు ఆయనకు గల మమకారము శిల్పమున మరింత స్వేచ్ఛగా వెల్లడియైనది. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన డోర్నకల్లు ఎపిఫనీ కెథీడ్రలు నిర్మాణము ఏండ్ల తరబడి సాగినది. దక్షిణాది ఆలయ మండపముల స్తంభములు, మహమ్మదీయ శిల్పపు గుమ్మటములు, మీనారులు, పద్మము, సిలువ అందు కలసికట్టుగా నిలిచినవి. బలిపీఠమునకు కానుకలు తెచ్చు జనులే కాక వారి నేలలోని శిల్ప సంప్రదాయములును కానుకలుగా తేబడవలెనని ఆయన సంకల్పించినట్లు తోచును.

ఆ దశకముననే ఆయన తీవ్ర వివాదమున చిక్కుకొనెను. 1936, 1937 సంవత్సరములలో మహాత్మాగాంధీ తన హరిజన పత్రికలో హరిజనుల సామూహిక మతాంతరీకరణమును ఖండించుచు డోర్నకల్లు ఉద్యమమునుగూర్చిన ప్రకటనలను ప్రశ్నించెను. అజరయ్య జాతీయవాది, 1932 నాటి కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కల్పించినపుడు, అది తన సంఘమును ఒక కులముగా మార్చునని వ్యతిరేకించినవాడు. కాని తన మతమును తాను నిర్ణయించుకొను తెలివి మాల మాదిగలకు లేదను ధ్వనిని ఆయన అంగీకరింపలేకపోయెను. ఉభయులును అస్పృశ్యతను ద్వేషించినవారే. ఉభయుల వాదములందును బలమున్నది. వాదమునకు విషయమైనవారి కంఠము మాత్రము ఆనాటి ఇంగ్లీషు పత్రికలలో అరుదుగా వినవచ్చెను.

క్రైస్తవ శాఖల ఐక్యము ఆయన తుది యేండ్ల తపస్సు. 1919లో తరంగంబాడి సమావేశమున ఆరంభమైన సంప్రదింపులు పాతికేండ్లు దాటి సాగినవి. పడమటి దేశముల కలహములవలన పుట్టిన చీలికలు తెలుగు పల్లెలో ఒకే వీధివారిని రెండు బల్లలయొద్ద కూర్చుండబెట్టుట ఆయనకు అసహ్యము. ఆ ఐక్యమును కన్నుల చూడకయే 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లున కన్నుమూసెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసున దక్షిణ భారత సంఘము అవతరించినది. డోర్నకల్లు ఖండము అందు చేరినను నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు 1975 వరకు వెలుపలనే యుండిరి.

క్రొత్త సంఘము 1950లో రూపొందించిన ప్రభురాత్రి భోజన క్రమమున రెండు విధులు ప్రత్యేకముగా గమనింపదగినవి. ఒకటి, సమాధానమును గురువు చేతినుండి ఒకరి చేతులనుండి మరియొకరి చేతులకు సంఘమంతటికిని అందించుట. రెండవది, రొట్టెను, ద్రాక్షారసమును, కానుకలను జనులే ఊరేగింపుగా బల్లయొద్దకు కొనివచ్చుట. వీనికి మూలము ప్రాచీన సంఘముల ఆరాధనలో కలదు. తెలుగులో ఆ క్రమము వాడుకలోనికి వచ్చినపుడు, ధాన్యపు గంపలు మోసికొని దేవాలయమున నడచుట డోర్నకల్లు పల్లెలవారికి అప్పటికే అలవాటైన పని.