కర్ట్ లెవిన్

ఒక పని ఎట్లు జరుగవలెనో చెప్పుట సులభము. దానిని నలుగురిచేత చేయించుట కష్టము. ఆ కష్టమునే తన శాస్త్రమునకు విషయముగా గైకొన్న మహనీయుడు కర్ట్ లెవిన్.

ఆయన 1890వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన మొగిల్నో అను చిన్న ఊరిలో ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆ ఊరు నాడు ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలండు దేశమున ఉన్నది. తండ్రి చిన్న అంగడి నడుపుచుండెడివాడు. 1905లో ఆ కుటుంబము బెర్లిను నగరమునకు తరలెను. మొదటి ప్రపంచయుద్ధమున లెవిన్ జర్మను సైన్యమున చేరి, పోరాడి గాయపడెను. పిదప బెర్లిను విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రమును బోధించెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఏ దేశము కొరకు రక్తము చిందించెనో ఆ దేశముననే లెవిన్‌కు నిలువనీడ లేకపోయెను. ఆయన ఆలుబిడ్డలతో అమెరికా చేరెను. తల్లిని కూడ రప్పింపవలెనని ఎంతయో యత్నించెను గాని అది ఫలింపలేదు. ఆమె నాజీల చేతిలో ప్రాణములు కోల్పోయెను. మనుష్యుల ద్వేషమును, పాత అలవాట్లను మార్చు మార్గమేది అను ప్రశ్న ఇట్లు ఆయన బ్రతుకులోనుండియే పుట్టెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో మాంసమునకు కొరత ఏర్పడెను. పశువుల గుండె, మూత్రపిండములు మొదలగునవి పుష్టికరములే అయినను గృహిణులు వానిని వండుటకు రోయుచుండిరి. అయొవా విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న లెవిన్, సహచరులతో కలిసి ఆరు గృహిణీ బృందములను ఎన్నుకొనెను. మూడింటికి చక్కని ఉపన్యాసములు ఇప్పించెను. తక్కిన మూడింటిలో వారే తమ సంకోచములు చెప్పుకొని, చర్చించి, తామే నిర్ణయించుకొనునట్లు చేసెను. తరువాత విచారింపగా, ఉపన్యాసము విన్నవారిలో నూటికి 3 వంతుల వారు మాత్రమే అంతకుముందు వండని ఆ మాంసమును వండిరి. చర్చించినవారిలో నూటికి 32 వంతుల వారు వండిరి.

1946లో ఆయన ఈ పద్ధతిని చర్యా పరిశోధనము అను పేర వివరించెను. పరిస్థితిని తెలిసికొనుట, ఉపాయమును ఆలోచించుట, ఆచరించుట, ఫలితమును పరిశీలించుట, లోపమును దిద్దుకొని మరల ఆచరించుట దీని మెట్లు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన, ఏబదియారేండ్ల వయస్సున, ఆయన హఠాత్తుగా మరణించెను.

ఆయన నాటిన విత్తు మాత్రము మొలకెత్తెను. కొంత కాలమునకు కార్యాలయములలోనికి కంప్యూటర్లు ప్రవేశించెను. యంత్రము ఎంత చక్కగా పనిచేసినను, గుమాస్తాలు పాత చిట్టాలనే పట్టుకొని కూర్చున్నచో ఆ సమాచార వ్యవస్థ వ్యర్థమే గదా! ఇంగ్లండున మాంచెస్టరు నగరములో బోధించిన ఈనిడ్ మమ్‌ఫర్డ్ (1924–2006) అను విదుషీమణి, ఒక వ్యవస్థను వాడబోవువారే దాని రూపకల్పనలో పాల్గొనవలెనని ఆచరణపూర్వకముగా చూపెను. నేడు సమాచార వ్యవస్థల శాస్త్రమున చర్యా పరిశోధనము ఒక గుర్తింపు పొందిన పద్ధతి. పరిశోధకుడు ఉద్యోగులతో కలిసి మార్పును చేసి చూచును. జయమునే గాక అపజయమును కూడ దాచక వ్రాయును. అట్లు వ్రాయనిచో అది పని యగును గాని పరిశోధనము కానేరదు.

బాలబాలికలారా! మీ పాఠశాల గ్రంథాలయమున పుస్తకములు సకాలమున తిరిగి రాకున్నచో, తీసికొనినవారినే పిలిచి కారణమడుగుడు. వారితో కలిసి ఒక నియమము ఏర్పరచుకొని, నెల దినములు నడపి, పుస్తకములు లెక్కించి చూడుడు. లెవిన్ మహాశయుని మార్గమున మీరును ఒక అడుగు వేసినవారగుదురు.