సామర్లకోట డాక్టరు, చేపల తొట్టిలో మొక్కలు

విశాఖలోనో భిలాయిలోనో ఉక్కు కర్మాగారం క్వార్టర్‌ ముందు గదిలో మొక్కలతో కూడిన చేపల తొట్టి పెట్టాలనుకునేవారు కొత్తలో కొనే మొక్కల్లో రెండు తరచు కనిపిస్తాయి. ఒకటి హైగ్రోఫిలా పాలీస్పెర్మా, రెండోది రొటాలా రొటుండిఫోలియా. పేర్లు వింటే ఏ బ్రెజిల్‌ నుంచో వచ్చిన సరుకనిపిస్తుంది. రెండూ మన దేశపు మొక్కలే. వృక్షశాస్త్రం పద్ధతిలో పేరు పూర్తిగా రాస్తే రెండింటి వెనకా ఒక మనిషి పేరు పొట్టిగా వస్తుంది. ఆయన విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరుపడ్డ స్కాట్లాండ్ డాక్టరు. సామర్లకోటలో దాదాపు పన్నెండేళ్ళు కాపురమున్నవాడు. గాజు తొట్టిలో మొక్కలూ చేపలూ కలిపి పెంచే అలవాటు ఇంగ్లండ్‌లో మొదలయ్యేనాటికి ఆయన పోయి ముప్పై అయిదేళ్ళయింది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడింబరోలో వైద్యం చదువుతూ జాన్ హోప్ అనే ఆచార్యుడి దగ్గర మొక్కల శాస్త్రం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మందులు చాలావరకు మొక్కల నుంచే గనక డాక్టరుకి ఆ చదువు తప్పనిసరి. కాస్త ఓడల మీద పనిచేసి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో దిగాడు. వచ్చీ రాగానే రోజుకి మూడుసార్లు ఎండ, గాలి ఒత్తిడి, వాన లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పట్టికలు కొన్ని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి కూడా. మొక్కల మనిషిగా పేరు రాకముందు ఆయన వానల మనిషి. ఈ సంగతి తర్వాత చాలా వాటిని అర్థం చేసుకోడానికి పనికొస్తుంది.

1781లో సామర్లకోట వచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్టకి ఇంకా డెబ్బై ఏళ్ళు ఆగాలి. ఈనాడు మనం చూసే కాలవలూ మూడు కార్ల పచ్చదనమూ లేవు. వానొస్తే చెరువు నిండేది, రాకపోతే ఎండేది. అక్కడే తోట వేశాడు. మిరియం తీగ, కాఫీ, దాల్చిన, పట్టుపురుగుల కోసం మల్బరీ పెంచాడు. ఏటికొప్పాక బొమ్మలు చెక్కే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయొచ్చని చేసి చూపించాడు. రాజమండ్రి సర్కారులో రైతులు చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో వివరంగా రాసిపెట్టాడు. ఇవన్నీ కంపెనీకి నాలుగు డబ్బులు తెచ్చే పనులే. రాక్స్‌బర్గ్‌ని నిస్వార్థ ఋషిలా చూపించే రాతలు చాలా ఉన్నాయి గానీ, ఆయన కంపెనీ జీతగాడనీ, మొక్కని చూడగానే దాని ఖరీదు కూడా లెక్కేసేవాడనీ మరిచిపోనక్కర్లేదు.

చెరుపలేని పని మరొకటి చేశాడు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని, మొక్కను ఎండబెట్టకుండా, అప్పుడే కోసుకొచ్చిన కొమ్మను ఎదురుగా ఉంచి బొమ్మ వేయించాడు. పువ్వు విప్పి, కాయ కోసి, గింజ విడదీసి పక్కనే వేయించాడు. నీటి మొక్కల విషయంలో ఈ పద్ధతి ఎంత విలువైనదో వాటిని పెంచేవారికి తెలుస్తుంది. నీళ్ళలోంచి తీసిన మెత్తని ఆకు కాగితాల మధ్య పెట్టి ఎండబెడితే పొర కూడా మిగలదు. పచ్చిగా ఉండగానే గీస్తేనే దాని రూపం దక్కుతుంది. కొంతకాలం పోగుచేసిన పుస్తకాలూ కాగితాలూ ఇంజరంలో వరద పాలైనా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. బొమ్మల పక్కన తెలుగు పేర్లు రాయించాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ళు, అడవిలోకి తోడు వెళ్ళినవాళ్ళు, బొమ్మలు గీసినవాళ్ళు ఎవరో మాత్రం అచ్చు పుస్తకాల్లో కనపడదు.

ఆ తీరంలో ఆయన ఒక్కడే లేడు. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ ఆయనకు స్నేహితుడు, ఒకరకంగా గురువు. 1785లో కాకినాడ పక్క జగన్నాథపురంలో కోనిగ్ జబ్బుపడి చనిపోయినప్పుడు వైద్యం చేసింది రాక్స్‌బర్గే. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ ఉండేవాడు. అక్కడి రేవులో దొరికే రెండు వందల చేపల బొమ్మలను, చాలావాటికి తెలుగు పేర్లతోనే, 1803లో లండన్‌లో అచ్చు వేయించింది ఆయనే. రస్సెల్ ఇంటికి వెళ్ళిపోయాక కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడి ఉద్యోగం రాక్స్‌బర్గ్‌కి వచ్చింది. జ్వరాలకు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ ప్రచారం చేసిన సోమిద చెట్టుకు శాస్త్రీయ నామం తర్వాత సొయిమిడా అయింది. అది తెలుగు మాటే.

ఇక చెరువు గట్టు సంగతి. ఆయన రాసిపెట్టిన మొక్కల్లో ఈనాడు చేపల తొట్టిలో పెరిగేవి కనీసం అరడజను ఉన్నాయి. పొడుగాటి గడ్డిలా ఉండే బ్లిక్సా ఆక్టాండ్రాను ఆయన వేలిస్నేరియా జాతిలో పెట్టాడు. హైగ్రోఫిలాను జస్టీషియా అన్నాడు. ఆకు అంచులు అలలా ముడుచుకునే అపొనోజెటాన్ అండ్యులేటస్ ఉంది. క్రిప్టోకొరైన్లు రెండు, సిలియాటా, రెట్రోస్పైరాలిస్ ఉన్నాయి. రొటాలాను ముందు గుర్తించి పేరు పెట్టింది ఆయన సహచరుడు ఫ్రాన్సిస్ బుకానన్, పుస్తకంలోకి ఎక్కించింది రాక్స్‌బర్గ్. జాతుల పేర్లు తర్వాత మారాయి గానీ చాలావాటికి రెండో పేరు అలాగే నిలిచింది.

రొటుండిఫోలియా అంటే గుండ్రటి ఆకులది. తొట్టిలో రొటాలా పెంచేవారు ఈ పేరు చూసి తికమక పడతారు, ఎందుకంటే నీళ్ళ కింద దాని ఆకు సన్నగా, కోలగా ఉంటుంది. పేరు పెట్టినవారు చూసింది నేల మీది మొక్కను. వరిమళ్ళ తేమలో గాలికి పెరిగినప్పుడు ఆకు నిజంగానే గుండ్రం. నీరు చేరి మునిగితే అదే మొక్క వేరే ఆకు తొడుగుతుంది. మన చెరువు మొక్కల్లో చాలావాటికి ఇలా రెండు బతుకులు. వానాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి. రెట్రోస్పైరాలిస్ వానల్లో ఏట్లో మునిగి ఉండి, నీరు తగ్గాక పూస్తుంది.

కొత్తగా తొట్టి పెట్టేవారు ఎదుర్కొనే మొదటి గుండెకోత ఇక్కడే. నర్సరీల్లో ఈ మొక్కలను చాలావరకు గాలిలోనే పెంచుతారు. తెచ్చి నీళ్ళలో నాటిన పది రోజులకే పాత ఆకులు కరిగిపోతాయి. మొక్క చచ్చిందని పీకి పారేస్తారు. వేరు గట్టిగా ఉంటే కొత్త ఆకులు, ఈసారి నీటి ఆకులు, వస్తాయి. అప్పటిదాకా చేపలు వేయకుండా ఆగడమే మంచిది. చేపల మలమూత్రాల నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వేగంగా పెరిగే హైగ్రోఫిలా ఆ అమ్మోనియాను కొంత తానే తినేస్తుంది. కొత్తవారికి దాన్నే ఇవ్వడానికి కారణం అదే. దీపం రోజుకి ఏడెనిమిది గంటలు చాలు. అంతకు మించితే మొక్క కన్నా పాచి ముందు పెరుగుతుంది.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చూసిన నీటి మొక్కల్లో మరో అపొనోజెటాన్ ఉంది. ఇప్పుడు నటాన్స్ అంటున్నారు. దాని దుంపలను ఇక్కడి జనం ఇష్టంగా తింటారనీ, బంగాళాదుంపకి దాదాపు తీసిపోవనీ ఆయన రాశాడు. అపొనోజెటాన్ దుంపలు ఈనాడు అక్వేరియం దుకాణంలో ప్లాస్టిక్ సంచిలో వస్తాయి. అవి తిండి కూడానన్న సంగతి రాసుకున్న మనిషి, మరికొన్నేళ్ళకే తిండి లేక పోయినవాళ్ళను చూశాడు. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచింది. ఆ వెనకే 1789 నుంచి వానలు మొహం చాటేశాయి. 1792 దాకా సాగిన ఆ కరువులో ఉత్తర సర్కారుల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రాక్స్‌బర్గ్ తన వాన లెక్కలు ముందేసుకుని, ఇలాంటిది ఇంతకు ముందు ఎప్పుడొచ్చిందని విచారించాడు. పిఠాపురం జమీందారీ వైపు నుంచి నూరేళ్ళ కిందటి మూడేళ్ళ కరువు సంగతి తెలిసింది. కరువు ఒక ప్రమాదం కాదు, తిరిగి తిరిగి వచ్చేదని ఆయనకు అర్థమైంది. కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి, సగ్గుబియ్యం చెట్టు, ఇలా వాన తప్పినా తిండి పెట్టే చెట్లను బాటల పక్కన, గట్ల మీద, ఖాళీ నేలల్లో విస్తారంగా నాటాలని ప్రభుత్వానికి రాశాడు. మిరియానికీ పట్టుకీ డబ్బిచ్చిన కంపెనీ ఈ విషయంలో అంత ఉత్సాహం చూపలేదు. ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే, అన్నిటికన్నా తక్కువ సాగిందీ ఇదే.

1793లో కలకత్తా పక్క శిబ్‌పూర్ తోటకు అధికారిగా వెళ్ళాడు. హుగ్లీ ఒడ్డున కట్టించుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. ఇరవై ఏళ్ళు అక్కడే. నార, టేకు, సుగంధద్రవ్యాలు, ఎన్నో పనులు. మధ్యలో నాచును కూడా వదల్లేదు. బెంగాల్‌లో చక్కెర శుద్ధి చేసేవాళ్ళు తడి నాచును, అంటే హైడ్రిల్లా, వేలిస్నేరియాలను, చక్కెర మీద పరిచి మురికి దించుతారని రాశాడు. యూరప్‌లో అదే పనికి బంకమట్టి వాడేవారు.

ఒళ్ళు చెడి 1813లో బయల్దేరాడు. కేప్ మీదుగా, సెంట్ హెలెనాలో ఆగి, అక్కడా మొక్కల జాబితా రాసి, స్కాట్లాండ్ చేరాడు. 1815లో ఎడింబరోలో పోయాడు, గ్రేఫ్రయర్స్ శ్మశానంలో పూడ్చారు. తోటను కొద్దికాలం చూసుకున్న బుకానన్ ఇంటిపేరు హామిల్టన్‌గా మార్చుకుని 1822లో గంగానది చేపల పుస్తకం తెచ్చాడు. మొక్కల తొట్టిలో తిరిగే జీబ్రా చేప, మరుగుజ్జు గౌరామి, తేనె గౌరామి, రోజీ బార్బ్ శాస్త్రానికి పరిచయమైంది ఆ పుస్తకంలోనే.

రాక్స్‌బర్గ్ పుస్తకాలు చాలావరకు ఆయన వెనకే వచ్చాయి. కోరమాండల్ తీరపు మొక్కల మీద 300 బొమ్మల పుస్తకం 1795లో మొదలై, మూడో సంపుటం పూర్తయ్యేసరికి ఆయన లేడు. ఫ్లోరా ఇండికాను విలియం కేరీ శ్రీరాంపూర్‌లో 1820లో మొదలుపెట్టి మధ్యలో ఆపితే, కొడుకులు 1832లో పూర్తిగా అచ్చు వేయించారు. అపొనోజెటాన్ అండ్యులేటస్‌కి, రెట్రోస్పైరాలిస్‌కి పేర్లు దక్కింది అప్పుడే.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వేలిస్నేరియా, గోల్డ్‌ఫిష్, నత్తలను ఒకే గాజు పాత్రలో పెట్టి, నీళ్ళు మార్చకుండా బతికించొచ్చని చూపించాడు. మొక్కల తొట్టి అక్కడ మొదలైంది. నూరేళ్ళకు అదే వ్యాపారం మీద హైడ్రిల్లా శ్రీలంక నుంచి ఫ్లోరిడా చేరి, కాలవలూ సరస్సులూ పూడ్చేసింది. హైగ్రోఫిలా పాలీస్పెర్మా కూడా ఆ దారినే వెళ్ళింది. అమెరికా ప్రభుత్వ హానికర కలుపు మొక్కల జాబితాలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. సామర్లకోటలోనూ శిబ్‌పూర్‌లోనూ గీయించిన రెండున్నర వేల బొమ్మలు రెండు ప్రతులుగా కలకత్తా తోటలో ఒకటి, లండన్ క్యూ తోటలో ఒకటి భద్రంగా ఉన్నాయి.