గ్రంథములకు వెఱచిన చక్రవర్తి

లోకమును భయపెట్టి యేలిన ప్రభువులను గూర్చి వినినపుడు, వారు భయ మెఱుంగని వారని తోచుట సహజము. చరిత్రను తఱచి చూచినచో సత్యము వేఱుగా కన్పట్టును. అట్టివారిలో పెక్కుమంది భయములో పెరిగి, భయముతో పాలించి, భయముతోనే గతించిరి. చీనా దేశమును మొట్టమొదట ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి జీవితము ఇందులకు తగిన నిదర్శనము.

అతడు క్రీ. పూ. 259 లో జావ్ రాజ్యపు రాజధానియైన హందాన్ నగరమున జన్మించెను. అతని పేరు జెంగ్. తండ్రి చిన్ రాజకుమారుడే యైనను, రెండు రాజ్యముల నడుమ సంధికి జామీనుగా శత్రువుల నగరములో ఉంచబడినవాడు. చిన్ సేనలు హందాన్‌ను ముట్టడించినపుడు జావ్ వారు ఆ రాజకుమారుని చంపజూచిరి. లూ బువెయ్ అను వర్తకుని సాయముతో అతడు కావలివారికి బంగార మిచ్చి తప్పించుకొనిపోయెను. భార్యయు పసిబిడ్డయు వెనుక చిక్కుకొనిరి. తన్ను చంపగోరు జనుల మధ్య తల్లి చాటున దాగి యుండుటయే ఆ బాలుడు నేర్చిన తొలి పాఠము.

కొన్ని యేండ్లకు తల్లియు కొడుకును చిన్ రాజ్యమునకు చేరిరి. తండ్రి రాజై అనతికాలముననే మరణింపగా, జెంగ్ 13వ యేట సింహాసన మెక్కెను. అధికారమంతయు మంత్రియైన లూ బువెయ్ చేతిలో నుండెను. క్రీ. పూ. 238 లో రాజు స్వయముగా పాలన చేపట్టిన యేడే, రాజమాతకు ప్రియుడైన లావ్ ఐ తిరుగుబాటు చేసెను. రాజు వానిని చంపించెను. వానికి తన తల్లివలన కలిగిన బిడ్డల నిద్దరిని చంపించెను. తల్లిని రాజధానినుండి వెడలగొట్టెను. తండ్రితో సమానునిగా గౌరవింపబడిన లూ బువెయ్ కూడ పదవి కోల్పోయి, క్రీ. పూ. 235 లో విషము త్రాగి మరణించెను. కన్నతల్లియు పెంచిన మంత్రియు నమ్మదగనివారైన పిదప ఆ యువకునకు లోకములో నమ్మదగిన దొక్కటే మిగిలెను. అది తన చేతి యధికారము.

క్రీ. పూ. 228 లో అతని సేనలు హందాన్ నగరమును జయించెను. రాజు స్వయముగా అచటికి పోయి, తన తల్లి కుటుంబముతో ఒకప్పుడు వైరము పూనిన వారిని వెదకించి సజీవముగా పాతిపెట్టించెను. ముప్పది యేండ్లు దాటినను, మహాసైన్యము వెంట నున్నను, దాగిన పసివాడు అతనిలో చావలేదు.

మఱుసటి యేడు యెన్ రాజ్యమునుండి జింగ్ కె అను వీరుడు దూతగా వచ్చెను. కానుకగా తెచ్చిన భూపటపు చుట్టలో బాకు దాచి యుంచి, పటము విప్పుట ముగియగనే రాజుపై కుఱికెను. చిన్ కొలువులో సభికు లెవ్వరును ఆయుధము ధరింపరాదు. రాజాజ్ఞ లేనిదే మెట్లక్రింది భటులు పైకి రాకూడదు. ఇది రాజరక్షణకై పెట్టిన కట్టడి. రాజు స్తంభముల చుట్టు పరుగిడుచుండగా సాయుధులైన భటులు క్రిందనే నిలిచిపోయిరి. రాజవైద్యుడు తన మందుల సంచిని హంతకునిపై విసరెను. ఆ సందున రాజు కత్తి దూసి ప్రాణము దక్కించుకొనెను. తనను కాపాడవలసిన కట్టడియే తనను ఒంటరిని చేసినదని అతడు గ్రహించినట్లు కానరాదు. పిమ్మట అతని కట్టడు లింకను బిగిసినవే కాని సడలలేదు.

క్రీ. పూ. 221 నాటికి ఆఱు రాజ్యములును అతనికి లోబడెను. అతడు తన్ను తాను ప్రథమ చక్రవర్తిగా ప్రకటించుకొనెను. దేశమును 36 మండలములుగా విభజించి, తూనికలను, కొలతలను, లిపిని ఏకరీతిగా చేసి, విశాలమైన బాటలు వేయించెను. ఇవి మేలైన పనులనుట న్యాయము. కాని ఏ పనియు పరులకు వదలుట అతని కిష్టము లేదు. నిత్యము ఇంత బరువని తూచిన పత్రములు చదివి ముగించినగాని విశ్రమింపకుండెడివాడని చెప్పుదురు. ఓడిన రాజ్యముల ఆయుధములను పోగుచేయించి కరిగించి, 12 కంచు విగ్రహములు పోయించెను. 1,20,000 సంపన్న కుటుంబములను తన కన్నుల యెదుట నుండునట్లు రాజధానియైన షియన్‌యాంగ్‌కు తరలించెను. ఒక యింటివాని నేరమునకు ఇరుగుపొరుగు వారిని కూడ శిక్షించు పూర్వపు చిన్ చట్టము దేశమంతటను పరచుకొనెను. అట్టి చట్టము క్రింద పొరుగువాడు చుట్టము కాడు, వేగులవాడగును.

క్రీ. పూ. 213 లో మంత్రి లీ సి సలహాపై గ్రంథదహనమునకు ఆజ్ఞ వెడలెను. ఆనాటి చీనా గ్రంథములు వెదురు బద్దలపై వ్రాసి, తాటాకు గ్రంథములవలె త్రాటితో కూర్చినవి. ప్రాచీన కావ్యములు, రాజచరిత్రలు, తత్త్వగ్రంథములు గల ప్రజలు 30 దినములలో వానిని అధికారుల కప్పగించి కాల్పింపవలెను. పూర్వకాలమును పొగడి నేటి పాలనను నిందించువారికి కుటుంబముతో కూడ మరణదండన. వైద్యము, శకునశాస్త్రము, వ్యవసాయము తెలుపు పుస్తకములకు మాత్రము మినహాయింపు కలిగెను. పంట పండించు విద్యకు, రోగము కుదుర్చు విద్యకు చక్రవర్తి వెఱవలేదు. వెనుకటి ప్రభువు లెట్లు పాలించిరో చెప్పు గ్రంథమునకు వెఱచెను. ఏలన, పోల్చి చూడ నేర్చిన ప్రజ ప్రశ్నింప నేర్చును.

మఱుసటి యేడు రాజధానిలో 460 మందికి పైగా పండితులను చంపించెనని సిమా చియాన్ అను చరిత్రకారుడు వ్రాసెను. ఆయన శతాబ్దమునకు పిమ్మట, చిన్ వంశము తరువాత వచ్చిన హాన్ వంశపు కొలువులో నున్నవాడు గనుక, ఇందు కొంత అతిశయోక్తి యుండవచ్చునని నేటి పండితుల యభిప్రాయము. ఈ శిక్ష తగదని విన్నవించిన పెద్దకుమారుడు ఫూసును చక్రవర్తి ఉత్తరపు సరిహద్దుకు పంపివేసెను. హితము చెప్పు గొంతు ఆనాటితో కొలువులో మూగవోయెను.

చక్రవర్తి ఏ మందిరములో నున్నాడో వెల్లడించినవానికి మరణమే శిక్ష. ఒకనాడు కొండపై మందిరమునుండి మంత్రిగారి రథముల బారు చూచి అతడు అసంతృప్తి వెలిబుచ్చెను. ఎవరో ఆ మాట చేరవేయగా మంత్రి తన రథములను తగ్గించుకొనెను. మాట బయటకు పొక్కినందులకు చక్రవర్తి క్రుద్ధుడై విచారించెను. ఎవ్వరును ఒప్పుకొనలేదు. అంతట ఆ సమయమున దగ్గఱ నున్న వారి నందఱిని చంపించెను.

అందఱిని జయించినవానికి మృత్యువొక్కటి మిగిలెను. అమృతౌషధము కొఱకు సముద్రముపైకి మనుష్యులను పంపెను. క్రీ. పూ. 210 లో దేశసంచారము చేయుచు, 49వ యేట మార్గమధ్యముననే మరణించెను. లీ సియు, జావ్ గావ్ అను కొలువుకాడును ఆ మరణమును దాచిరి. మూసిన బండిలోని శవమునకు యథాప్రకారము భోజనము అందించుచు, దుర్గంధము తెలియకుండ ఉప్పుచేపల బండ్లను వెంట నడిపించిరి. చక్రవర్తి పేర దొంగ యాజ్ఞ పంపగా ఫూసు ఆత్మహత్య చేసికొనెను. రాజాజ్ఞను ప్రశ్నింపరాదని తండ్రి నేర్పిన భయమే కుమారుని బలిగొనెను. 1974 లో షియాన్ నగర సమీపమున బావి త్రవ్వుచున్న రైతులకు అతని సమాధిని కావలి కాయు మట్టి సైనికులు బయల్పడిరి. అవి వేలకొలది యున్నవి. చచ్చిన పిదప కూడ ఆ ప్రభువునకు కావలి లేక ధైర్యము లేకపోయెను.

మఱుసటి యేడు సరిహద్దు కాపునకు పోవుచున్న 900 మంది వర్షములచే దారిలో నిలిచిపోయిరి. ఆలస్యమునకు మరణదండన తప్పదని వారు నమ్మిరి. పోయినను చావే, తిరుగబడినను చావే యని తలంచి, చెన్ షెంగ్ అను కూలివాని నాయకత్వమున తిరుగబడిరి. శిక్ష అన్నిటికి నొక్కటే యైనపుడు భయమునకు పని లేకుండ పోవును. క్రీ. పూ. 206 నాటికి చిన్ సామ్రాజ్యము కూలిపోయెను. పదివేల తరములు నిలుచునని ప్రకటించిన వంశము పదునైదేండ్లు మాత్రమే నిలిచెను.

ఫూ షెంగ్ అను పండితుడు నిషేధకాలమున ప్రాచీన చరిత్ర గ్రంథ మొకదానిని తన యింటి గోడలో దాచెను. యుద్ధములు చల్లారిన పిదప గోడ తెఱచి చూడగా కొంత నశించి, 29 అధ్యాయములు మిగిలి యుండెను. క్రీ. పూ. 191 లో గ్రంథనిషేధము రద్దయ్యెను. తొంబది యేండ్లు దాటిన ఆ వృద్ధుని కడకు హాన్ చక్రవర్తియే శిష్యుని పంపి ఆ గ్రంథమును నేర్చుకొన జేసెను.

చక్రవర్తి కోటలు బూడిద యయ్యెను. కంచు విగ్రహములు కానరాకుండ పోయెను. వెఱచుచునే ఒక సామాన్యుడు గోడలో దాచిన వెదురు బద్దలు నిలిచెను. నాలుగు పుస్తకములు గల చిన్న గదియైనను, వచ్చి చదువుటకు ఎవ్వరును వెఱవనవసరము లేని చోట, భయముతో నేలువానికి నిలువ నీడ దొరకదు.