ఆరు చుక్కల అక్షరప్రదాత లూయీ బ్రెయిల్

ఇంద్రియాలన్నిటిలోనూ కన్ను ప్రధానమని మన పెద్దల భావన. విద్యకు కన్ను ద్వారమనీ, ఆ ద్వారం మూసుకుపోయినవానికి అక్షరం అందదనీ లోకం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకాన్ని వమ్ము చేసినవాడు చక్రవర్తి కాడు, మహాపండితుడూ కాడు. ఒక కుగ్రామంలో తోలుపని చేసుకునే సామాన్యుని బిడ్డ. తానే చూపు కోల్పోయినవాడు. పదిహేనేండ్ల ప్రాయంలోనే ఒక లిపికి రూపకల్పన చేసిన ప్రతిభాశాలి. ఆ మహనీయుడు లూయీ బ్రెయిల్. నేడు చూపులేని విద్యార్థి కంప్యూటర్ తెరపైనున్న వాక్యాన్ని వేలికొనలతో చదువగలుగుతున్నాడంటే, ఆ అద్భుతానికి పునాది రెండు వందల సంవత్సరాల క్రితమే పడింది. ఆయన జీవితాన్ని మా పాఠక మిత్రులకు సంగ్రహంగా పరిచయం చేయుటే ఈ వ్యాసం ద్వారా మేము ఆశిస్తున్న ప్రయోజనం.

ఫ్రాన్సు దేశంలో, పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే గ్రామం ఉన్నది. 1809 జనవరి 4వ తేదీన లూయీ అక్కడ జన్మించాడు. తండ్రి సిమోన్ రెనే బ్రెయిల్ గుర్రపు జీనులు, కళ్ళేలు కుట్టి జీవనం సాగించేవాడు. తల్లి పేరు మోనిక్. మూడేండ్ల పసివాడు తండ్రి పనిశాలలో ఆడుకుంటూ, తోలుకు రంధ్రాలు పొడిచే మొనదేలిన పనిముట్టును చేత పట్టుకున్నాడు. అది జారి కంటిలో గుచ్చుకున్నది. నాటి వైద్యం ఆ గాయాన్ని మాన్పలేకపోయింది. క్రిమిదోషం రెండవ కంటికి కూడా సోకింది. ఐదేండ్లు నిండేసరికి ఆ బాలునికి లోకమంతా చీకటైపోయింది.

ఆ కాలంలో పేదకుటుంబంలోని అంధునికి భిక్షాటన తప్ప వేరే దారి ఉండేది కాదు. కాని లూయీ తల్లిదండ్రులు బిడ్డను మూలన కూర్చోబెట్టలేదు. ఇంటిపనులు నేర్పారు, చేతికర్ర ఇచ్చి ఊరి దారులన్నీ పరిచయం చేశారు. గ్రామంలోని మతగురువు పల్యుయీ ఆ బాలుని చురుకుదనాన్ని గమనించి చదువు చెప్పాడు. ఆపై ఊరి బడిలో తోటి పిల్లల సరసన చేరిన లూయీ, విన్న పాఠాన్ని విన్నట్లే అప్పజెప్పి ఉపాధ్యాయుని ఆశ్చర్యపరిచాడు. అయినా విన్నది గుర్తుంచుకొనుట వేరు, స్వయంగా చదువుకొనుట వేరు. పుస్తకం ఎదుట ఉన్నా అది అతనికి నోరు విప్పని రాయి వంటిదే అయ్యింది.

1819లో పదేండ్ల లూయీకి పారిస్‌లోని రాజకీయ అంధబాలుర విద్యాలయంలో ప్రవేశం లభించింది. వాలెంటిన్ ఆవీ అనే ఉదారుడు 18వ శతాబ్దపు చివరి దశకాలలో నెలకొల్పిన సంస్థ అది. తడిపిన దళసరి కాగితంపై మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చొత్తి, వాటిని వేళ్ళతో తడిమి చదివించే పద్ధతి అక్కడ అమలులో ఉండేది. ఉద్దేశం గొప్పదే. కాని ఆ అక్షరాలు కంటి కొరకు పుట్టినవి, వేలి కొరకు కావు. ఒక్కొక్క అక్షరపు వంపులను తడిమి తెలుసుకొని ఒక వాక్యం పూర్తి చేసేసరికి దాని మొదలు మరపున పడేది. పుస్తకాలు మోయలేనంత బరువు. వాటి సంఖ్య అత్యల్పం. అన్నిటికంటె పెద్ద లోపమేమనగా, ఆ పద్ధతిలో విద్యార్థి కొంతవరకు చదువగలడే గాని తన చేతితో తాను వ్రాయలేడు.

1821లో షార్ల్ బార్బియే అనే పూర్వ సైనికాధికారి ఒక కొత్త విధానాన్ని ఆ విద్యాలయానికి తెచ్చాడు. గీతలకు బదులు ఉబ్బెత్తు చుక్కలతో వ్రాసే పద్ధతి అది. ఒక్కొక్క గుర్తులో 12 చుక్కల దాకా ఉండేవి. అవి అక్షరాలను గాక ధ్వనులను మాత్రమే సూచించేవి. అందుచేత వర్ణక్రమానికి, విరామ చిహ్నాలకు, అంకెలకు, సంగీత స్వరాలకు అందులో తావు లేదు. పైగా ఒక గుర్తు మొత్తం వేలికొన కిందికి ఒక్కసారిగా ఇమిడేది కాదు. లోపాలు ఎన్ని ఉన్నా, వేలికి గీత కంటె చుక్క స్పష్టంగా తెలుస్తుందన్న సత్యం పన్నెండేండ్ల లూయీ మనసులో నాటుకున్నది.

అప్పటినుండి మూడేండ్లు ఆ బాలుడు చేసినది తపస్సే. పగలు పాఠాలు, రాత్రులు, సెలవు దినాలు ప్రయోగాలు. 1824 నాటికి, అంటే తన పదిహేనవ ఏట, సమస్యను ఛేదించాడు. నిలువున మూడు, అడ్డముగా రెండు, వెరసి ఆరు చుక్కల చట్రం. ఎడమ వరుసలోనివి 1, 2, 3. కుడి వరుసలోనివి 4, 5, 6. ఒక్కొక్క చుక్క ఉబ్బెత్తుగా ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆ లెక్కన ఏర్పడే రూపాలు 64. అన్నీ ఖాళీగా ఉన్న గడిని తీసివేస్తే మిగిలినవి 63. అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు, స్వరాలకు అవే చాలును. గడి మొత్తం వేలికొన కింద ఒక్క స్పర్శతో తెలిసిపోతుంది.

ఆ కూర్పులోని క్రమబద్ధత కూడా మెచ్చదగినది. మొదటి పది అక్షరాలను పైనున్న నాలుగు చుక్కలతోనే నిర్మించాడు. వాటికి 3వ చుక్కను చేరిస్తే తరువాతి పది వచ్చును. ఆపై 3, 6 చుక్కలను చేరిస్తే ఇంకొక వరుస. ఒక వరుస నేర్చినవానికి మిగిలిన వరుసలు సులభసాధ్యం.

1829లో ఆయన తన విధానాన్ని గ్రంథరూపంలో ప్రకటించాడు. 1837లో దానిని సంస్కరించి మరల వెలువరించాడు. అప్పటికే అదే విద్యాలయంలో బోధన చేపట్టి, 1833లో పూర్తిస్థాయి ఉపాధ్యాయుడైనాడు. సంగీతంలోనూ నిష్ణాతుడై పారిస్‌లోని ప్రార్థనాలయాలలో ఆర్గన్ వాద్యకారుడుగా పనిచేశాడు. చూపున్నవారికి అంధులు స్వయంగా ఉత్తరాలు వ్రాసుకొనవలెనన్న తలంపుతో, చుక్కలతోనే మామూలు అక్షరాల ఆకృతిని కూర్చే మరొక పద్ధతిని 1839లో ప్రకటించాడు. అంధుడైన ఆయన మిత్రుడు ఫూకో దానికి తగిన యంత్రాన్ని నిర్మించాడు. చూపున్నవారికీ, లేనివారికీ నడుమ వారధిగా ఒక వ్రాతయంత్రం నిలవడం ఆనాటికి సామాన్య విషయం కాదు.

ఇంతటి ఉపకారానికి ఆదరణ లభించినదా? లేదు. చూపున్న తమకు అర్థం కాని లిపిని అంధులు వాడుకొనుట వారిని లోకానికి దూరం చేస్తుందని అధికారులు, పండితులు వాదించారు. 1840లో అధ్యక్షపదవికి వచ్చిన ద్యూఫో ఆ లిపిని విద్యాలయంలో సాగనివ్వలేదు. అయినా విద్యార్థులు చాటుమాటుగా దానిలోనే వ్రాసుకున్నారు, ఒకరికొకరు నేర్పుకున్నారు. ఎవరి కొరకు లిపి పుట్టినదో వారు దానిని విడిచిపెట్టలేదు. సహాధ్యక్షుడు గువాదే వారి పక్షం వహించి, పైవాని మనసు మార్చగలిగాడు. 1844 ఫిబ్రవరి 22న నూతన భవన ప్రారంభోత్సవ సభలో ఈ లిపిని బహిరంగంగా ప్రదర్శించారు. తేమ నిండిన పాత భవనంలో యౌవనమంతా గడిపిన బ్రెయిల్‌ను అప్పటికే క్షయవ్యాధి కబళిస్తున్నది. 1852 జనవరి 6న, 43 ఏండ్లు నిండిన రెండు దినాలకే, ఆయన కన్నుమూశాడు. ఆ విద్యాలయం బ్రెయిల్ లిపిని అధికారికంగా స్వీకరించినది 1854లో. అనగా తన లిపి విజయాన్ని ఆయన కళ్ళారానే గాదు, చెవులారా కూడా ఎరుగడు. నూరేండ్ల తరువాత, 1952లో, ఫ్రాన్సు ఆయన భౌతికావశేషాలను పాంథియన్‌లోని మహాపురుషుల సరసకు చేర్చింది. చేతులను మాత్రం స్వగ్రామమైన కూవ్రేలోనే ఉంచారు. ఆ చేతులే గదా చీకటిలో అక్షరాన్ని వెదకి పట్టుకున్నవి!

ఇక మన దేశానికి వద్దాము. అమృత్‌సర్‌లో 1887లో అంధుల పాఠశాల వెలసింది. భారతీయ భాషలకు మొదట వేర్వేరు బ్రెయిల్ పద్ధతులు పుట్టి గందరగోళం ఏర్పడగా, 1951లో అన్ని భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిల్ స్థిరపడింది. తెలుగు, ఉర్దూ భాషలు రెండింటా పేజీలు గల మా సంచికకు ఈ సందర్భంలో ఒక విశేషం చెప్పదగినది. తెలుగు ఎడమనుండి కుడికి నడుస్తుంది. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది. కంటికి ఆ రెండు లిపులు ఎంతో దూరం. బ్రెయిల్‌లో ఆ దూరం చెరిగిపోతుంది. తెలుగు ‘మ’కారం, ఉర్దూ ‘మీమ్’ రెండూ 1, 3, 4 చుక్కలే. తెలుగు ‘ల’కారం, ఉర్దూ ‘లామ్’ రెండూ 1, 2, 3 చుక్కలే. రెండింటినీ ఎడమనుండి కుడికే చదువుతారు. పలకపై చేతితో గుచ్చునపుడు మాత్రం కాగితం వెనుకనుండి కుడి నుండి ఎడమకు గుచ్చి, పిదప కాగితాన్ని తిప్పి చదువుతారు. ఉర్దూ వలె వ్రాసి తెలుగు వలె చదివినట్లన్నమాట! తెలుగులోని ఒత్తులు, గుణింతాలు కూడా పైకీ కిందికీ పోక ఒక వరుసలోనే సాగుతాయి. ‘అమ్మ’ అన్న మాటకు నాలుగే గడులు: అకారం, హలంతాన్ని తెలిపే 4వ చుక్క, రెండు మకారాలు.

బ్రెయిల్ దూరదృష్టి కంప్యూటర్ యుగంలో మరింత ప్రకాశించింది. చుక్క ఉన్నది, లేదు అన్న రెండే స్థితులు. కంప్యూటర్‌కు తెలిసిన భాష కూడా అదే. 1970ల దశకంలో ఎలక్ట్రానిక్ బ్రెయిల్ ఫలకాలు రూపొందాయి. విద్యుత్తు ప్రసరించినపుడు స్వల్పంగా వంగే గుణంగల చిన్న పలుచని బద్దలు గడిలోని సూదులను పైకి నెట్టుతాయి. తెరమీది అక్షరాలు ఆ సూదుల రూపంలో లేచి నిలుస్తాయి. చదువరి వేలు జరిపి ముందుకు పోగానే పాత చుక్కలు అణగి కొత్త చుక్కలు లేస్తాయి. ఒక ఫలకంలో 20, 40 లేక 80 గడులు ఉంటాయి. కంప్యూటర్ కొరకు చుక్కలను ఎనిమిదికి పెంచగా రూపాలు 256 అయినాయి; యూనికోడ్ 1999లో వాటన్నిటికీ స్థానం కల్పించింది. నున్నటి అద్దం తప్ప వేలికి ఏమీ తగలని చేతిఫోన్లలో కూడా, ఆరు వేళ్ళను ఆరు చుక్కలుగా తాకించి తెలుగు మొదలైన భాషలలో వ్రాసే మార్గాలు నేడు ఏర్పడినాయి.

మా బడంగ్‌పేట ప్రాంతానికి ఇదంతా దూరపు కథ కాదు. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట నల్లగొండ చౌరస్తా చేరితే వికలాంగుల సహకార సంస్థ కార్యాలయం కనిపిస్తుంది. బేగంపేటలోని దేవ్‌నార్ అంధుల పాఠశాల ఎందరినో తీర్చిదిద్దింది. మచిలీపట్నం సమీపంలోని పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఆ పాఠశాల విద్యార్థే. అంధునికి ఇంటర్మీడియట్‌లో సైన్సు తగదన్నప్పుడు న్యాయస్థానం ద్వారా అనుమతి సాధించి, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, స్వదేశానికి తిరిగివచ్చి పరిశ్రమను స్థాపించాడు. వైకల్యంగలవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించవలెనని 2016 నాటి చట్టం నిర్దేశించింది. సీటు లభించిన తరువాత పుస్తకం లభించవద్దా? సమస్య అక్కడే ఉన్నది.

యంత్రం పాఠ్యాన్ని చుక్కలుగా మార్చవలెనన్నచో, ఆ పాఠ్యం యూనికోడ్‌లో ఉండవలె. ఫొటో తీసి పంచిన నోట్సు యంత్రానికి ఉత్త బొమ్మ మాత్రమే. పాత అను ఫాంట్లలో కూర్చిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ యథాతథంగా దానికి అర్థం కావు. ఇక ఫలకాల వెల సామాన్య కుటుంబాలకు అందనిది. ఫోన్ చదివి వినిపిస్తున్నది గదా, బ్రెయిల్ ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. వినికిడి వలన విషయం తెలుస్తుంది, నిజమే. కాని వర్ణక్రమం, గణితసూత్రం, వాక్యంలో విరామం ఎక్కడ ఉన్నదో తెలియుటకు అక్షరాన్ని తాకవలసినదే. చూపున్న పిల్లలకు పుస్తకాలు మాన్పించి రేడియో ఒక్కటే ఇస్తే మనం ఒప్పుకుంటామా? అంధబాలల విషయంలో మాత్రం ఎందుకు ఒప్పుకోవలె?

బ్రెయిల్ జీవితం మనకు నేర్పే పాఠం దయ చూపమని కాదు. చూపున్నవారు తమకు అనువైన అక్షరాన్ని అంధులకు దానం చేయబోయి విఫలులైనారు. ఒక అంధుడు తన వేలికి ఏది తగినదో తానే నిర్ణయించి సఫలుడైనాడు. కనుక ఏ సాధనాన్ని నిర్మించినా, ఏ నిబంధన చేసినా, దానిని వాడుకునేవారిని ముందుగా అడగవలె. మా కళాశాల విద్యార్థులు చేయగల పని చిన్నదైనా ఉన్నది: తమ తెలుగు, ఉర్దూ నోట్సులను యూనికోడ్‌లో టైపు చేసి కోరినవారికి అందించుట, పరీక్షలలో అంధ విద్యార్థులకు లేఖకులుగా కూర్చొనుట. మన వీధిలో చూపులేని బిడ్డ బడికి పోక ఇంటనే ఉండిపోతే, ఆ తల్లిదండ్రులకు కూవ్రే గ్రామపు తోలుపనివాని కథ చెప్పుట కూడా సేవయే. ఆ తండ్రి ఆనాడు బిడ్డను మూలన కూర్చోబెట్టి ఉంటే, లోకంలో కోట్లాది వేళ్ళకు అక్షరం అంది ఉండేది కాదు.